తలుపుకు రెండు బందులు, లెక్కకు ఒకటే

కదిలే యంత్రాన్ని కంప్యూటర్‌లో కట్టి చూసేవాళ్ళకు రివల్యూట్ జాయింట్ అంత పరిచయమైన సాధనం ఇంకొకటి ఉండదు. రెండు భాగాలు, వాటి మధ్య ఒక ఇరుసు గీత, ఆ గీత చుట్టూ తిరగడం తప్ప మరో కదలిక లేకపోవడం: ఇంతే దాని నిర్వచనం. తలుపు బందు, కత్తెర మేకు, రోబో మోచేయి, ఎక్స్‌కవేటర్ బూమ్ పిన్ను అన్నీ దీని కిందికే వస్తాయి. అయితే అసలు యంత్రంలో పిన్ను ఉన్న ప్రతిచోటా మోడల్‌లోనూ ఈ జాయింట్ పెట్టేయవచ్చా అన్న దగ్గర వాదం మొదలవుతుంది. ఆ వాదాన్ని శాస్త్రగ్రంథాల పద్ధతిలో పూర్వపక్షికీ సిద్ధాంతికీ పంచాను. నేను ఎటు మొగ్గుతానో దాచే ఉద్దేశం లేదు. కానీ పూర్వపక్షం నీరసంగా ఉంటే సిద్ధాంతం గెలిచినా లాభం లేదు కనుక, దాన్ని వీలైనంత గట్టిగానే నిలబెట్టాను.

పూర్వపక్షి: మోడల్ అంటే యంత్రానికి నకలు. అసలులో ఏది ఎక్కడుందో నకలులోనూ అది అక్కడే ఉండాలి. యంత్రమంటే ఒకదానికొకటి జతపడిన భాగాల గొలుసు అని జర్మన్ ఇంజనీరు రూలో 1875లోనే గ్రంథం రాసి చూపించాడు. తిరిగే జత, జారే జత, మర జత అంటూ ఆయన చేసిన వర్గీకరణే ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ మెనూల్లో జాయింట్ల పట్టికగా కనిపిస్తుంది. తలుపుకు రెండు బందులుంటే నేను రెండు రివల్యూట్ జాయింట్లు పెడతాను. రేపు ఆ ఫైలు ఇంకొకరు తెరిచినా ఏ జాయింట్ ఏ బందుదో ఇట్టే గుర్తుపడతారు. అదనపు షరతులు ఉన్నాయని సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక ఇస్తుంది, నిజమే. ఆ అదనాన్ని తనే తీసేసి లెక్క పూర్తి చేస్తుంది కూడా. తలుపు తిరగాల్సినట్టే తిరుగుతుంది. ఇంక దేనికండీ గొడవ?

సిద్ధాంతి: తలుపు తిరిగింది, కాదనను. కానీ అది తిరగడం చూడడానికే మోడల్ చేశారా, లేక బందు ఎంత బరువు మోస్తుందో కూడా తెలుసుకోవాలా? లెక్క మొదటినుంచీ చూద్దాం. ఏ ఆధారమూ లేని వస్తువుకు ఆరు రకాల స్వేచ్ఛ ఉంటుంది: మూడు దిక్కుల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. రివల్యూట్ జాయింట్ అందులో ఐదింటిని కట్టేస్తుంది. ఒక్క బందుతో 6 లోంచి 5 పోగా 1 మిగులుతుంది. తలుపుకు కావలసింది అంతే. రెండో బందుకు కూడా అదే జాయింట్ పెడితే 6 లోంచి 10 తీసేయాలి, జవాబు −4. అంటే ఐదు షరతులను రెండేసి సార్లు రాశారన్నమాట. ఒకే సమీకరణాన్ని రెండుసార్లు రాస్తే తలుపు ఎక్కడుందన్న దానికి జవాబు మారదు. కానీ ఆ షరతును నిలబెడుతున్న బలం రెండు బందుల్లో దేని వాటా ఎంత అంటే మాత్రం జవాబు ఉండదు.

అంకెల్లో చెబుతాను. తలుపు 30 కిలోలు, వెడల్పు 0.9 మీటర్లు, బందుల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకోండి. బరువు సుమారు 294 న్యూటన్లు. అది బందుల గీతకు 0.45 మీటర్ల దూరంలో వేలాడుతుంది కాబట్టి తలుపును వంచే మొమెంట్ 132 న్యూటన్ మీటర్లు. చెక్కలో ఉన్న బందు చిన్నది, తనంత తాను ఆ మొమెంట్‌ను ఆపలేదు. పై బందు తలుపును చట్రం వైపు లాగిపట్టుకుంటుంది, కింది బందు అంతే బలంతో బయటికి తోస్తుంది. 132ను 1.5తో భాగిస్తే ఒక్కో బందు దగ్గర అడ్డంగా 88 న్యూటన్లు. పాతబడిన తలుపుల్లో పై బందు మరలే ముందు ఊడివస్తాయని వడ్రంగికి తెలుసు, కారణం ఇదే. ఇప్పుడు మీ మోడల్ ఏం చెబుతుందో చూడండి. 1970ల్లో మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధనల నుంచి ఎదిగిన ఆడమ్స్ లాంటి సాఫ్ట్‌వేర్ అదనమని తేలిన షరతులను పక్కనపెట్టి, వాటి ప్రతిచర్యను సున్నాగా చూపిస్తుంది. రెండో బందు షరతులన్నీ పోయాయనుకుంటే మొదటి బందు మీద 294 న్యూటన్ల బరువు, దానికి తోడు 132 న్యూటన్ మీటర్ల మొమెంట్. రెండో బందు మీద సున్నా. ఏది ఉంటుందో ఏది పోతుందో నిర్ణయించేది సాల్వర్, అంటే సాఫ్ట్‌వేర్‌లో సమీకరణాలను విప్పే భాగం, వాటిని పేర్చుకునే వరస. తలుపుకు దానితో సంబంధం లేదు. ఆ అంకె చూసి మరల సైజు నిర్ణయిస్తే ఆ మరలు ఎవరి లెక్కకు తగినట్టు?

పూర్వపక్షి: బలాలు కావలసినవాళ్ళకు మీ మాట వర్తిస్తుంది. నాబోటివాడికి చాలాసార్లు కదలిక చాలు: వైపర్ ఎంత మేర తుడుస్తుంది, చేయి ఎక్కడ తగులుతుంది, ఇలాంటివి. అసలు మీరు నమ్ముకున్న ఆ లెక్కే నమ్మదగ్గది కాదు. నాలుగు కడ్డీల యంత్రాన్ని తీసుకోండి. ఒక కడ్డీ కదలకుండా ఉంటే మిగిలినవి మూడు, వాటి స్వేచ్ఛ 18. నాలుగు రివల్యూట్ జాయింట్లు 20 తీసేస్తాయి. జవాబు −2, అంటే అది కదలకూడదు. కానీ ప్రపంచంలో లక్షల వైపర్లు, కుట్టుమిషన్ పెడళ్ళు ఈ నాలుగు కడ్డీలతోనే హాయిగా ఆడుతున్నాయి. పైగా 1903లో ఇంగ్లండుకు చెందిన బెనెట్ ఇంకో వింత చూపించాడు. నాలుగు ఇరుసులు ఒకదానికొకటి సమాంతరంగా లేకున్నా, ఒకే బిందువులో కలవకున్నా, పొడవులకూ మెలికలకూ మధ్య ఒక నిర్దిష్ట సంబంధం ఉంటే ఆ యంత్రం కదులుతుంది. అక్కడా మీ లెక్క −2 అనే అంటుంది. తప్పు చెప్పే సూత్రాన్ని పట్టుకుని నా మోడల్‌ను తప్పంటారేమిటి?

సిద్ధాంతి: ఆ సూత్రం షరతుల్ని లెక్కపెడుతుంది గానీ కొలతల్ని చూడదు, ఒప్పుకుంటాను. నిజానిజాలు తేల్చేది షరతుల సమీకరణాల్లో ఒకదానిపై ఒకటి ఆధారపడనివి ఎన్ని అన్నది. వైపర్ యంత్రంలో నాలుగు ఇరుసులూ సమాంతరంగా ఉండడం వల్ల 20లో మూడు షరతులు మిగిలినవాటిలోనే ఇమిడిపోతాయి. కాబట్టి 17 పోయి 1 మిగులుతుంది. కానీ ఆ మూడు ఇమిడిపోవడానికి ఇరుసులు కచ్చితంగా సమాంతరంగా ఉండాలి. ఒక ఇరుసును రవ్వంత వంచండి. ఆదర్శ జాయింట్లు, వంగని కడ్డీలు ఉన్న మోడల్‌లో యంత్రం బిగుసుకుపోతుంది. అసలు వైపర్ మాత్రం ఆడుతూనే ఉంటుంది, ఎందుకంటే పిన్ను చుట్టూ కాస్త సందు ఉంది, కడ్డీ కాస్త వంగుతుంది. యంత్రాన్ని బతికిస్తున్న ఆ సందునూ ఆ వంపునూ మీ జాయింట్ ముందే లేవనేసింది. డ్రాయింగు నుంచి తెచ్చుకున్న ఇరుసు దిశలో ఏ ఐదో దశాంశంలోనో తేడా వస్తే, దాన్ని అదనమని పక్కనపెట్టాలా, నిజమైన షరతని పట్టుకోవాలా అన్నది సాల్వర్ సహనపరిమితి మీద ఆధారపడుతుంది. పట్టుకుంటే మోడల్ కూడనే కూడదు, లేదా యంత్రంలో ఎక్కడా లేని బలాలు పుట్టుకొస్తాయి. బెనెట్ యంత్రం నా వాదానికే సాయం వస్తుంది: దానికి కొలతలు ఎంత సరిగ్గా ఉండాలో చూస్తే, అదనపు షరతుల మీద నిలబడ్డ కదలిక ఎంత సున్నితమైనదో తెలుస్తుంది.

ఇక కదలిక చాలన్న మాట. మోటారు ఎంత తిప్పమంటే అంత తిరుగుతుందని ముందే రాసిపెట్టి, కడ్డీలు ఏ దారిన పోతాయో చూడడానికైతే మీ మాట చెల్లుతుంది. కానీ తలుపును తోసి వదిలితే ఎంతసేపటికి ఆగుతుందని అడిగారనుకోండి. ఆపేది ఘర్షణ. ఘర్షణ ఎంతన్నది బందులో పుట్టే బలాన్ని బట్టి ఉంటుంది. బలం ఎవరి వాటా ఎంతో తెలియకపోతే ఘర్షణా తెలియదు, అది తెలియకపోతే కదలికా తెలియదు. భారమంతా ఒకే జాయింట్ మీద పడిన మోడల్‌లో ఆ 132 న్యూటన్ మీటర్లను ఘర్షణ పుట్టించే బలంగా మార్చడానికి సాఫ్ట్‌వేర్ మిమ్మల్నే ఒక దూరం అడుగుతుంది. బందుల మధ్య ఉన్న 1.5 మీటర్లు ఇస్తే 88 న్యూటన్లు వస్తాయి. కనిపించే బందు పొడవే కదా అని 5 సెంటీమీటర్లు ఇస్తే 2,650 న్యూటన్లకు దగ్గరవుతుంది. మొమెంట్ వల్ల పుట్టే ఘర్షణ 30 రెట్లు! ఒకే తలుపు ఒక మోడల్‌లో మెల్లగా ఊగుతూ పోతుంది, ఇంకో మోడల్‌లో తోసిన చోటే నిలిచిపోతుంది.

పూర్వపక్షి: అలాగైతే తిప్పి అడుగుతాను. ఆదర్శ జాయింట్ అన్నదే ప్రకృతిలో లేదు కదా. ఉన్నది ఇనుము, దాని సాగుడు, నూనె పొర, సందు. కాబట్టి ప్రతి బందునూ ఒక బుష్‌గా రాస్తాను: ఆరు దిక్కుల్లో ఆరు స్ప్రింగులు, వాటికి డాంపింగ్, తిరిగే దిక్కులో మాత్రం వదులు. అప్పుడు షరతులే ఉండవు, అదనమన్న మాటే రాదు. బరువు ఏ బందుకెంతో స్ప్రింగులే పంచుకుంటాయి. మీ సందేహాలన్నీ ఒక్క దెబ్బతో తీరిపోతాయి.

సిద్ధాంతి: తీరవు, చోటు మారతాయి. భౌతికశాస్త్రం దృష్టితో మీ ప్రతిపాదన నా దానికంటే నిజానికి దగ్గర, సందేహం లేదు. దాని ఖరీదు రెండు విధాలుగా కట్టాలి. మొదటిది కాలం. ఒక కిలో కడ్డీని మీటరుకు పది కోట్ల న్యూటన్ల గట్టిదనం ఉన్న స్ప్రింగు మీద నిలబెడితే అది సెకనుకు దాదాపు 1,600 సార్లు కంపిస్తుంది. కడ్డీ మొత్తం కదలిక రెండు సెకన్లదే అయినా, సాల్వర్ ఆ కంపనాన్ని వెంటాడుతూ మిల్లీసెకనులో చిన్న భాగాల చొప్పున అడుగులు వేయాలి. గట్టి సమీకరణాల కోసమే తయారైన పద్ధతులు పెద్ద అడుగులు వేయగలవు, కానీ ఆ కంపనాన్ని మాపేసి వేస్తాయి. అప్పుడు మీరు కష్టపడి రాసిన గట్టిదనం దేనికి పనికొచ్చినట్టు? వైపర్ ఎంత మేర తుడుస్తుందో చూడడానికి ఇదంతా చేస్తే, గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే.

రెండో ఖరీదు తెలివిడిది. ఆ గట్టిదనం అంకె ఎక్కడినుంచి తెస్తారు? మళ్ళీ మన తలుపే. ఒక్కో బందు నిలువు గట్టిదనం మిల్లీమీటరుకు 1,000 న్యూటన్లు అనుకుందాం. రెండూ సరిగ్గా బిగిస్తే చెరి 147 న్యూటన్లు మోస్తాయి. బిగించేటప్పుడు ఒక బందు 0.1 మి.మీ. తేడాగా కూర్చుందనుకోండి. రెండింటి వాటాల మధ్య 100 న్యూటన్ల తేడా వస్తుంది: ఒకటి 197, ఇంకొకటి 97. తేడా 0.3 మి.మీ. అయితే బరువంతా ఒక్క బందు మీదే, రెండోది ఊరికే తోడు. మూడు పదుల కిలోల తలుపును మోసే చెక్క చట్రంలో 0.3 మి.మీ. ఎవరు చూసుకుంటారు? మీ బుష్ మోడల్ చెరి 147 అని రెండు దశాంశాలదాకా చెప్పగలదు, కానీ ఆ దశాంశాల వెనక కొలిచిన గట్టిదనమూ లేదు, కొలిచిన బిగింపూ లేదు. నా ఆక్షేపణ బుష్ మీద కాదు, కొలత లేని బుష్ మీద. రబ్బరు బుష్ ఉన్న కారు సస్పెన్షన్‌లో దాన్ని పెట్టక తప్పదు, ఎందుకంటే అక్కడ ఆ మెత్తదనమే బండి నడతను నిర్ణయిస్తుంది. దాన్ని పరీక్షించి కొలుస్తారు కూడా.

పూర్వపక్షి: మీ చర్చంతా పాత తరం సాఫ్ట్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకున్నది. అందులో ప్రతి భాగానికీ ముందు ఆరు స్వేచ్ఛలిచ్చి, తరవాత ఐదు లాక్కుంటారు. రోబోల వాళ్ళు అలా చేయరు. 1983లో ఫెదర్‌స్టోన్ ఇచ్చిన పద్ధతిలోనూ, 2012లో వచ్చిన ముజోకో అనే సాఫ్ట్‌వేర్‌లోనూ తిరిగే కీలు అంటే ఒక్క కోణం, అంతే. ఇవ్వనిదాన్ని లాక్కోవాల్సిన పని లేదు కనుక అదనపు షరతు పుట్టదు. కీలు ఊడి పక్కకు జరగడమనే లోపమూ ఉండదు. మీరు సాఫ్ట్‌వేర్ రాసిన తీరులోని లోపాన్ని పట్టుకుని ప్రకృతి ధర్మంగా చెబుతున్నారు.

సిద్ధాంతి: కొమ్మలుగా విడిపోయే గొలుసు వరకు మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. భుజం, మోచేయి, మణికట్టు వరసగా ఉన్న రోబో చేతికి అంతకంటే చక్కటి పద్ధతి లేదు. కానీ గొలుసు తిరిగొచ్చి మొదటి భాగాన్ని పట్టుకున్న క్షణంలో వలయం ఏర్పడుతుంది. దాన్ని మూయడానికి మళ్ళీ షరతు రాయక తప్పదు. నాలుగు కడ్డీల్లో నాలుగో పిన్ను అలాంటిదే. తలుపు రెండో బందూ అలాంటిదే: చట్రం నుంచి మొదటి బందు మీదుగా తలుపులోకి వెళ్ళి, రెండో బందు మీదుగా మళ్ళీ చట్రంలోకి. ముందు తలుపు దగ్గర తోసేసిన ప్రశ్న కిటికీలోంచి లోపలికి వచ్చింది.

పైగా ముజోకోలో, ఆటల కోసం పేరుపడ్డ ఓపెన్ డైనమిక్స్ ఇంజిన్‌లో షరతుల్ని కాస్త మెత్తగా ఉంచుతారు. లెక్క తెగకుండా ఉండడానికి అది మంచి ఉపాయం. మెత్తదనం వల్ల అదనపు షరతులున్నా జవాబు వస్తుంది, భారం రెండు జాయింట్ల మధ్య నున్నగా పంచుకుపోతుంది. ఆ పంపకం వెనక ఉన్నది లెక్క నిలకడ కోసం పెట్టిన అంకె, ఇనుము గట్టిదనం కాదు. నా భయం ఇక్కడే ఎక్కువ. ఒక బందు మీద సున్నా అని వస్తే ఏ ఇంజనీరైనా కనుబొమలు ముడేసి మోడల్‌ను మళ్ళీ చూస్తాడు. చెరిసగం అని వస్తే సబబుగానే ఉందని సంతకం పెట్టేస్తాడు. రెండు అంకెలూ తలుపును అడగకుండా వచ్చినవే, రెండోది మాత్రం ఆ సంగతి బయటపడనివ్వదు.

పూర్వపక్షి: సరే, మీ మందేమిటో చెప్పండి. ఒక బందు చోట గోళాకార జాయింట్ పెట్టమంటారని విన్నాను. తలుపుకు గుండు కీలు ఎక్కడుందండీ? నేను రెండు బందుల్ని రెండు బందులుగా చూపిస్తే తప్పు; మీరు ఒక బందును గుండుగా చూపిస్తే ఒప్పా? ఇది అబద్ధానికి అబద్ధం.

సిద్ధాంతి: కింది బందు చోట మూడు దిక్కుల్లో జరగనివ్వని గోళాకార జాయింట్, పై బందు చోట ఇరుసుకు అడ్డంగా ఉన్న రెండు దిక్కుల్లో మాత్రమే పట్టే షరతు: మొత్తం ఐదు. తలుపుకు ఒక్క తిరుగుడు మిగులుతుంది. అడ్డం బలం రెండు చోట్లా 88 న్యూటన్లని తేలుతుంది, బరువంతా కింది బందు మీద పడుతుంది. నాలుగు కడ్డీల్లో కూడా అంతే. రెండు చోట్ల రివల్యూట్, ఒకచోట ఇరుసు వెంట జారనిచ్చే స్థూపాకార జాయింట్, ఒకచోట గోళాకారం: 5, 5, 4, 3 కలిపి 17, 18లోంచి పోగా 1. ఇందులో అబద్ధం లేదు, ఒక నిర్ణయం ఉంది. బరువు కింది బందు మోస్తుందని నేను అనుకున్నాను, అనుకున్నానని చెబుతున్నాను. మీ మోడల్‌లోనూ అలాంటి నిర్ణయమే జరిగింది, కాకపోతే అది సాల్వర్ తీసుకున్నది, మీకు చెప్పకుండా తీసుకున్నది.

ఇది మోడల్ కట్టేవాళ్ళు కనిపెట్టిన గారడీ కూడా కాదు. అసలు యంత్రాలు తయారుచేసేవాళ్ళు ఇనుములోనే ఈ పని చేస్తారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ క్రాంక్‌షాఫ్టుకు సాధారణంగా ఐదు మెయిన్ బేరింగులుంటాయి. షాఫ్టు ముందువెనకలకు జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగు వాటిలో ఒక్కచోటే ఉంటుంది. ఐదు చోట్లా పెడితే, వేడికి షాఫ్టు సాగినప్పుడు అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. విమానం రెక్క గాలిలో పైకి వంగుతుంది. దాని వెనక అంచున ఎయిలరాన్ అనే కదిలే పలకను పట్టుకున్న కీళ్ళలో తమంత తాము సర్దుకునే గోళాకార బేరింగులు వాడతారు. రెక్క పొడవునా వచ్చే బలాన్ని ఒక కీలుకు అప్పగించి, మిగిలినవాటికి ఆ దిక్కున కాస్త వెసులుబాటు ఇస్తారు. అలా చేయకపోతే రెక్క వంగినప్పుడల్లా ఎయిలరాన్ బిగుసుకుంటుంది. బయటికి చూస్తే అన్నీ ఒకేరకం కీళ్ళే. పని చూస్తే ఒక్కోదానికి ఒక్కో బాధ్యత. మోడల్‌లో రాయవలసింది ఆ బాధ్యత.

పూర్వపక్షి: క్రాంక్‌షాఫ్టు మాట కాదనలేను. అక్కడ డిజైనరే పని పంచిపెట్టాడు. మన తలుపు వడ్రంగి ఎవరికీ ఏమీ పంచలేదు. బరువంతా కింది బందుకు ఇచ్చారు, అసలు తలుపులో పై బందే మోస్తుంటే? మీ నిర్ణయం ప్రకారం మరలు వేసిన పై బందు ఊడిపోదా?

సిద్ధాంతి: ఈ ప్రశ్న సూటిగా ఉంది, జవాబు కూడా సూటిగా ఉండాలి. పంపకం తెలియనప్పుడు ఒక మోడల్ చాలదు. కింది బందు మోసినట్టు ఒకసారి, పై బందు మోసినట్టు ఒకసారి లెక్క చేయాలి. రెండిటి నడుమ నిజం ఎక్కడున్నా, ప్రతి బందూ 294 న్యూటన్ల బరువునూ 88 న్యూటన్ల అడ్డం బలాన్నీ తట్టుకునేలా ఉంటే చాలు. ఇందుకు ఒక్క గట్టిదనమూ కొలవనక్కరలేదు. అంత ఇనుము పెట్టలేం, బరువు తగ్గించాలి అంటే అప్పుడు పంపకం నిజంగా తెలియాలి. ఆ స్థితిలో మీ బుష్ తీసుకోండి, వంగే భాగాలు పెట్టండి, గట్టిదనం కొలవండి, బిగింపులో తేడాలను కూడా మార్చిమార్చి చూడండి. ఖరీదైన మోడల్‌కు అది తగిన సందర్భం.

పూర్వపక్షి: అయితే నాకు మిగిలిందేమిటో చెబుతాను. నిర్దేశించిన కదలికను చూసుకునే పనికి రెండు జాయింట్లూ పెట్టుకునే హక్కు వదులుకోను. ఫైలు చదివేవాళ్ళకు అదే తేలిక. కానీ ఆ ఫైలు నుంచి బలాలు తీయకూడదనీ, ఘర్షణ కలపకూడదనీ ఒప్పుకుంటాను. హెచ్చరిక వస్తే కొట్టిపారేయకుండా ఏ షరతులు పోయాయో చూస్తాను.

సిద్ధాంతి: ఆ హక్కుతో నాకు పేచీ లేదు. ఒక్కటే కోరతాను. కదలిక కోసం కట్టిన ఫైళ్ళు అలాగే ఉండిపోవు. ఆరునెలలకు ఇంకొకరు అదే ఫైలు తెరిచి, బేరింగు సైజు కోసం అందులోంచి బలాల గ్రాఫు తీస్తారు. అందుకని మోడల్‌తోపాటు నాలుగు వాక్యాలు రాసిపెట్టండి: ఈ మోడల్ ఏ ప్రశ్న కోసం కట్టింది, షరతులు పోగా ఎన్ని స్వేచ్ఛలు మిగిలాయి, ఏ దిక్కు భారాన్ని ఏ జాయింట్‌కు అప్పగించాం, ఏ అంకెల్ని ఇందులోంచి తీసుకోకూడదు. ఈ నాలుగూ రాయగలిగితే మీరు పెట్టినవి రెండు రివల్యూట్ జాయింట్లా, ఒక గోళమూ ఒక షరతా, పన్నెండు స్ప్రింగులా అన్నదాని మీద నేను వాదించను. రాయలేకపోతే మాత్రం, ఆ మోడల్‌లోని జాయింట్లను ఇంకా ఎవరూ ఎంచుకోలేదనే అర్థం.